పైపుకు సబ్సిడీ సరే, మిగిలిన నీళ్లకో?

కనిగిరి దాటి పామూరు వైపు వెళ్తుంటే బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపులు కనిపిస్తాయి. కొన్నిచోట్ల చెట్ల మొదట్లో ఉంటాయి. కొన్నిచోట్ల చుట్ట చుట్టి గొడ్ల చావిడి మీద పడేసి ఉంటాయి. అవి ఉప్పు పట్టి డ్రిప్పర్లు మూసుకుపోయినవి, ఉడతలు కొరికేసినవి. సర్కారు లెక్కలో మాత్రం అదీ ఇదీ బిందు సేద్యమే.

ఉమ్మడి రాష్ట్రంలో డ్రిప్పు, స్ప్రింక్లర్లకు రాయితీ ఇచ్చే సూక్ష్మసేద్యం ప్రాజెక్టు 2003లో మొదలైంది. చిన్న రైతుకు 90 శాతం దాకా రాయితీ దొరికింది. అది లేకపోతే పడమటి ప్రకాశంలో చాలా తోటలు ఉండేవే కావు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ డ్రిప్పుతో ఆదా అయిన నీళ్లు ఎక్కడికి పోయాయి? ఆ పక్కనే వేసిన కొత్త తోటకు. రైతును అడిగితే, "రెండెకరాల నీళ్లు నాలుగెకరాలకు సరిపోతుంటే పెట్టుకోక ఏం చేస్తాం సార్?" అంటాడు. అందులో తప్పేముంది? తను తోడకుండా వదిలేసిన నీళ్లను పక్క చేలో ఇంకా లోతుకు వేసిన బోరు లాగేస్తుంది. 2004 నుంచి కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపినా చేతికి వచ్చేదేమీ లేదు. మనం పైపుకు డబ్బులిచ్చాం గానీ, భూమిలో మిగిలిన నీళ్లకు ఎవరం ఏమీ ఇవ్వలేదు.

ఇచ్చినవాళ్లు ఉన్నారు. వరి మానుకుని వేరే పంట వేస్తే ఎకరానికి 7 వేలు ఇస్తామని హర్యానా 2020లో పథకం తెచ్చింది. మిగిల్చిన ప్రతి యూనిట్ కరెంటుకు 4 రూపాయలు చొప్పున పంజాబ్ 2018లో కొన్ని ఫీడర్లలో, అంటే పొలాలకు కరెంటు ఇచ్చే కొన్ని లైన్లలో, ఇచ్చి చూసింది. అమెరికా 1985 నుంచి, పొలాన్ని 10 నుంచి 15 ఏళ్లు సాగు చేయకుండా వదిలేస్తే ఏటా కౌలు కడుతోంది. ఇది మన దగ్గర నవ్వులాట అవుతుంది. ఇక్కడ వానల్లేక ఎవరూ కౌలు కట్టకుండానే పొలాలు బీడు పడుతున్నాయి.

పంజాబ్ పద్ధతి మనకు దగ్గరగా ఉంది గానీ దానికి మీటరు కావాలి. మీటరు అనగానే రైతుకు టెన్షన్. ఈరోజు లెక్క కోసం పెట్టినవాళ్లు రేపు బిల్లు పంపరని నమ్మకమేంటి? ఆ అనుమానాన్ని నేనైతే కొట్టిపారేయను.

అయితే ప్రకాశానికి ఇంకో అనుభవం ఉంది. 2000ల మధ్యలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఆ ఏడింటిలో ప్రకాశం ఒకటి. అంటే కొలవడం మనవాళ్లకు కొత్త కాదు. అప్పుడు ఆ లెక్కకు డబ్బులు ముడిపెట్టలేదంతే. ఇప్పుడు ముడిపెట్టొచ్చు. రబీ చివర ఊరి నీటిమట్టం ఎంత ఉందో చూసి, ఆ ఏడాది వానతో సరిచూసి, ప్రోత్సాహం ఊరు మొత్తానికి ఇవ్వాలి. అప్పుడు పక్క చేలో కొత్త బోరు వేసేవాణ్ని ఊరే అడుగుతుంది.

ఆ డబ్బు ఊళ్లో ఎవరి ఖాతాలో పడాలనేది తేల్చుకోవాల్సిన చిక్కు. పాస్‌పుస్తకం చూసి పంచితే అది ఒంగోల్లోనో హైదరాబాద్‌లోనో ఉండే పట్టాదారుకు చేరుతుంది. రబీలో మోటారు ఆపుకుని ఒక ఎకరం మిర్చి తగ్గించుకునేది కౌలుదారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద అతనికి సాగు హక్కు పత్రం ఇవ్వొచ్చు, కానీ దాని మీద భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టడానికి చాలామంది ఇప్పటికీ ముందుకు రావడం లేదు.