టకటక ఆగిందా, వాల్వ్ పోయినట్టే

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, నిన్న రాత్రి మా బావ. "పాత అంబాసిడర్ టకటకమంటోందా? ఇంట్లోనే ట్యాపెట్లు సరిచేసుకోండి" అని ఐదు చిట్కాలు. కింద దండం బొమ్మ.

మెసేజ్ రాసినాయన చిక్కటి ఆయిల్ పోయమన్నాడు. టకటక వచ్చేది వాల్వ్‌కీ, దాన్ని నొక్కే రాకర్ అనే చేయికీ మధ్య గ్యాప్ పెరిగితే. గ్యాప్ ఎక్కువైన చోట ఆయిల్ చేసేదేముంది? కాసేపు నోరు మూస్తుంది, అంతే.

ఆ గ్యాప్ కొలిచే పల్చటి రేకు, అదే ఫీలర్ గేజ్, దాని బదులు విజిటింగ్ కార్డు చాలట. ఎవరిది? రియలెస్టేటాయన కార్డు అట్టముక్కలా ఉంటుంది, ఇన్సూరెన్సాయనది పల్చన. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి కావలసింది 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. గేజ్ కొనుక్కోండి.

మొదటి సిలిండర్ పిస్టన్‌ని టాప్‌లో పెట్టి ఎనిమిది వాల్వులూ ఒకేసారి సరిచేయాలట. అప్పుడు కొన్నిటిని వాల్వులు తెరిచే క్యామ్ నొక్కి పట్టుకునే ఉంటుంది కదండీ! తొమ్మిది లెక్క ఎందుకుందంటారు? 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దాని గ్యాప్ సరిచేయాలి, 6 తెరుచుకున్నప్పుడు 3. రెండూ కలిపితే తొమ్మిది. మెసేజ్ రాసినాయనకి కూడికలు రావేమో.

ఇక అసలు ఘనకార్యం: "చప్పుడు పూర్తిగా ఆగేదాకా స్క్రూ బిగించండి."

అయ్యా, వేడెక్కితే వాల్వ్ సాగుతుంది. ఆ సాగుడుకే ఆ గ్యాప్. అది లేకపోతే వాల్వ్ తన సీటు మీద, అంటే మూసుకున్నప్పుడు ఆనే అంచు మీద, పూర్తిగా కూర్చోదు. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్‌కి వేడి దిగేదే ఎక్కువగా సీటులోకి. కూర్చోకపోతే ఆ వేడి ఎక్కడికి పోతుంది? పైగా సందులోంచి మంట తన్నుకొస్తుంది. ఈ ఇంజన్‌లో 4, 5 రెండూ ఎగ్జాస్ట్ వాల్వులే, పక్కపక్కనే, ఇద్దరికీ పొగ దారి ఒక్కటే. ఒక షెడ్డులో నా కారుకి ఇలాగే "సైలెంట్" చేసిచ్చారు. కుట్టుమిషన్‌లా నడుస్తోందని మురిసిపోయాను. కొన్నాళ్లకి మిస్సింగ్, ఎత్తు ఎక్కనని మొరాయింపు. వాల్వులుండే ఇంజన్ పైభాగం, అదే హెడ్, దించితే 4వ వాల్వ్ అంచు ఎలక కొరికిన బిస్కెట్‌లా ఉంది.

2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చాక పాత సీట్లకి ఇంకో తంటా. సీసం కాపుదల లేక సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతుంది, గ్యాప్ దానంతటదే మూసుకుపోతుంది. పాత హెడ్డున్న బండి ఉన్నట్టుండి చప్పుడు మానేసిందంటే ముందు గేజ్ పెట్టి చూడాల్సింది అక్కడే. చప్పుడు చేసే ట్యాపెట్ కనీసం బతికున్నానని చెబుతోంది.

ఇంజన్ నడుస్తుండగా చెవితో సరిచేయమన్న ఐదో చిట్కాని కూడా ఉతికేద్దామనే కూర్చున్నాను. కానీ నిన్న బావ కారు రాకర్లు విప్పి చూశాం. వాల్వ్‌కి తగిలే చోట వేలికి తెలిసేంత గుంటలు. గేజ్ ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది. మనం 15 అనుకుంటాం, అసలు గ్యాప్ ఇంకా ఎక్కువ. అలాంటి అరిగిన రాకర్లు మార్చేదాకా చెవి నమ్ముకున్న ముసలి మేస్త్రే నాకంటే నయం, ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఆయన టకటకని తగ్గిస్తాడు. పూర్తిగా ఆగనివ్వడు.