చిగుళ్ల సందులో కాపురముంటున్న వారికి విన్నపం

చిగుళ్ల జబ్బు తెచ్చే బాక్టీరియా, మహారాజశ్రీ పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ గారికి, కందుకూరు నుంచి నమస్కరించి వ్రాయునది.

2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు మా ఊరిని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు గానీ, తమరి కాపురం మాత్రం అంగుళమైనా కదలలేదు. ఆరోగ్యంగా ఉన్న నోట్లో మూడు మిల్లీమీటర్లకు మించని, పంటికీ చిగురుకూ మధ్య సందును ఐదారు మిల్లీమీటర్ల దాకా లోతు చేయించి, గాలి సోకని ఆ అడుగున తమరు హాయిగా ఉన్నారు.

తమరు ఒంటరివారు కారు. టానరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనీమా డెంటికోలా అనే తోడుదొంగలతో కలిపి తమరిని 1998లో దంత పరిశోధకుడు సోక్రాన్‌స్కీ బృందం ‘ఎర్ర కూటమి’ అన్నది. (సీట్ల పంపకం మీద అలిగే మా కూటములు తమరి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.) జింజిపెయిన్లనే ఎంజైములతో చిగురును కొరుకుతూ, రక్తంలోని ఇనుమును ఆరగిస్తూ, మా రక్షణ కణాలను రెచ్చగొట్టి, పంటిని పట్టుకున్న ఎముకను మా ఒంటి చేతనే కరిగింపజేయడం తమరికే చెల్లింది. ఇంత చేసినా నొప్పి తెలియనివ్వరు.

మా సహకారం కూడా తక్కువేమీ కాదు. ఉమ్మిన నురగలో ఎర్రజీర కనబడితే తమరిని అనుమానించేవారే లేరు. వేడి చేసిందని చెప్పి మజ్జిగ తాగిస్తారు. కొండపి, టంగుటూరు వేలం కేంద్రాలకు పొగాకు తోలే ఈ ప్రాంతంలో తమరికి అదనపు రక్షణ కూడా ఉంది: పొగ తాగేవారి చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోవడం వల్ల, లోపల ఎముక తరిగిపోతున్నా పైకి రక్తం అంతగా కనబడదు. ఇక షుగరున్నవారి సంగతి సరేసరి, అక్కడ తమరి బలం షుగరును పెంచుతుంది, షుగరు తమరిని పెంచుతుంది.

అయితే తమరి అసలు వకీలు మా పెదనాన్నగారు. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నది ఆయన సిద్ధాంతం; కింది ముందుపన్నును నాలుకతో ముందుకూ వెనక్కూ ఆడిస్తూనే ఆ మాట అంటారు. ఎముక ఎప్పుడో కరిగిపోయి, రాయిలా గట్టిపడిన గార ఊతంతో నిలబడిన పన్ను, ఆ గార తీయగానే తన అసలు స్థితిని బయటపెడుతుందని డాక్టరు చెబితే, “చూశావా, నేననలా?” అని నా వైపు తిరిగారు. ఆ పన్ను కిందటి ఆదివారం మామిడికాయ వేసిన చేపల పులుసు తింటుండగా కంచంలో పడింది. నేరం కొర్రమీను ముల్లు మీదికి పోయింది.

పక్క పన్ను కూడా ఊగుతున్నది. జిగురు పొరలో దాక్కున్న తమరిని మాత్రలు ఒక్కటే కదిలించలేవని, ముందు ఆ గార గోకించాలని డాక్టరు ఎంత చెప్పినా వినక, పెదనాన్నగారు రేపు మందుల షాపుకు బయలుదేరుతున్నారు. తమరు సామాను సర్దుకోనక్కరలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు