ఆ ఉద్యోగం రాకపోతే ఈ పుస్తకం వచ్చేదా?

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ని మా అమ్మ రెండు రోజుల్లో చదివేసింది. పుస్తకం పక్కన పెట్టి ఒక్క మాట అడిగింది. ‘‘ఆ హాస్టల్ ఉద్యోగం రాకపోతే ఈవిడ ఈ పుస్తకం రాసేదంటావా?’’

నాకు కాస్త చిరాకేసింది. భర్త వదిలేశాడు, కొడుకు ఉద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు, కూతురు ప్రాణం తీసుకుంది. ఇవన్నీ చదివాక అడగాల్సింది ఉద్యోగం గురించా అనుకున్నాను. అమ్మ ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఆవిడ లెక్కలు ఆవిడవి. కానీ ఆ పుస్తకం మీద నేను చదివిన సమీక్షలన్నిటికంటే ఆ ప్రశ్నే సూటిగా తగిలిందని తర్వాత తర్వాత అర్థమైంది.

2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఆ పుస్తకం వేసేనాటికి కోటేశ్వరమ్మ వయసు తొంభై దాటింది. తర్వాత ఇంగ్లీషులోకీ, తమిళంలోకీ వెళ్లింది. చదివినవాళ్లలో ఎక్కువమంది అన్నది ఒకటే: ఎన్ని కష్టాలు, ఎంత సహనం, ఎంత నిబ్బరం! అబద్ధమేమీ కాదు. అయినా నాకు ఈ పొగడ్త మీద అనుమానం. సహనమూర్తి అని ఒక దండ వేసేస్తే, అంత సహనం ఆమెకు ఎవరి వల్ల అవసరమైందని అడిగే బాధ తప్పిపోతుంది. ఆడవాళ్ల విషయంలో ఈ పని మనం చాలా సులువుగా చేసేస్తాం.

ఆమె 1918 ఆగస్టు 5న కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. నాలుగైదేళ్లకే పెళ్లి చేశారు. పెళ్లయిందని గుర్తుండే వయసు కూడా కాదు. ఊహ తెలిసేసరికే వితంతువు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. యాభై ఏళ్లు గడిచాక కూడా కలిగిన కుటుంబాల్లో అలాంటి పిల్లకు మళ్లీ పెళ్లి అంటే ఊళ్లో గుసగుసలు తప్పేవి కావు. ఆ గుసగుసల మధ్యే కొండపల్లి సీతారామయ్యతో ఆమె పెళ్లి జరిగింది. ఇద్దరూ కమ్యూనిస్టు పార్టీలో పనిచేశారు. ఆమె పాటలు పాడింది, నాటకాల్లో వేసింది, మహిళా సంఘంలో తిరిగింది, ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చిన్నప్పుడు ఆమెకు లోకం పెట్టిన పేరు విధవ. తర్వాత సంస్కరణ వివాహానికి ఉదాహరణ. ఆపైన నాయకుడిగారి భార్య. ఇంకా తర్వాత ఉద్యమంలో పోయినవాడి తల్లి. ఈ పేర్లలో కొన్ని అవమానాలు, కొన్ని గౌరవాలు. ఏదీ ఆమె తనకు తాను పెట్టుకున్నది మాత్రం కాదు. అస్తిత్వం అనే పెద్ద మాటను మనం సభల్లో తెగ వాడుతుంటాం. కోటేశ్వరమ్మ జీవితంలో దానర్థం చాలా చిన్నది: ‘ఈవిడ ఎవరు?’ అని అడిగితే మొగుడి పేరో, కొడుకు పేరో చెప్పకుండా జవాబు ఇవ్వగలగడం.

తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో పార్టీ మీద నిషేధం పడింది. చాలామందిలాగే ఆమె కూడా రహస్య జీవితంలోకి వెళ్లింది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగారు. పార్టీవాళ్లు దాక్కునే రహస్య ఇంటిని డెన్ అనేవారు. డెన్‌లో ఆడమనిషి ఉంటే చుట్టుపక్కలవాళ్లకు అది ఎవరిదో సంసారంలా కనిపిస్తుంది, అనుమానం రాదు. వంట చేయాలి, నీళ్లు తేవాలి, పక్కింటివాళ్లతో నవ్వుతూ అబద్ధం చెప్పాలి, రాత్రి తలుపు చప్పుడైతే ముందు తనే లేవాలి. తుపాకీ పట్టినవాళ్ల పేర్లు చరిత్రలో ఉంటాయి. డెన్ నడిపినవాళ్ల పని వంటింటి పని కిందే జమైంది.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. మగవాళ్లకు ఎన్నికలు, చట్టసభలు, పార్టీ ఆఫీసులు ఎదురుచూస్తున్నాయి. పోరాటంలో సర్వం వదిలి వచ్చిన ఆడవాళ్లలో చాలామందిని ఇక ఇళ్లకు వెళ్లమన్నారు. ఏ ఇంటికి? ఆ మాట చెప్పినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగలేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు ఊరూరా తిరిగి ఆ స్త్రీల మాటలు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసేదాకా, ఆ బాధ బయట అచ్చులో పెద్దగా కనిపించలేదు. ముప్పై అయిదేళ్లు పట్టింది.

కోటేశ్వరమ్మకు అదే కాలంలో ఇంటి దెబ్బ కూడా తగిలింది. సీతారామయ్య ఆమెను వదిలి వేరే ఆమెతో వెళ్లిపోయారు. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్ల ప్రాంతం. చేతిలో డబ్బు లేదు, సర్టిఫికెట్ లేదు.

నా దృష్టిలో పుస్తకంలో అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆమె హైదరాబాద్ వెళ్లి ఆంధ్ర మహిళా సభలో చదువుకు చేరింది. పార్టీ సభల్లో మైకు ముందు పాడిన మనిషి పెన్సిల్, లెక్కల పుస్తకం పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ అక్కడ దానంతటది పుట్టలేదు. ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయ్ దేశ్‌ముఖ్‌కు కూడా ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దని బయటికొచ్చింది. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లు కొద్దికాలంలో పరీక్షకు కూర్చునేలా ప్రత్యేక కోర్సులు ఉండాలని పట్టుబట్టి నడిపించింది. ఆ తలుపు తెరిచి లేకపోతే కోటేశ్వరమ్మ నిబ్బరం ఎంత ఉన్నా ఏ గోడకో చేరగిలబడి ఉండేది. మనం మనిషి ధైర్యాన్ని పొగిడేటప్పుడు ఆ ధైర్యానికి దారి ఇచ్చిన సంస్థను ఎందుకో మర్చిపోతాం.

చదువు అయ్యాక కాకినాడలో పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టల్‌కు మేట్రన్‌గా, అంటే హాస్టల్ బాగోగులు చూసే ఉద్యోగానికి, వెళ్లింది. మా అమ్మ ప్రశ్న ఇక్కడికి వస్తుంది. అక్కడ ఆమెకు నెల జీతం ఉంది. ఒక గది ఉంది. సొంత పిల్లల దగ్గర ఉండలేకపోయిన మనిషికి చుట్టూ బోలెడుమంది పరాయి పిల్లలు. మొదటిసారి ఆమె ఎవరి భార్యగానో కాకుండా మేట్రన్ గారిగా లోకానికి తెలిసింది. చాలామంది రచయితల గురించి రాసేటప్పుడు ఉద్యోగాన్ని కళకు అడ్డంగా చూపిస్తారు. ఈమె విషయంలో ఉద్యోగమే కలానికి ఆధారం. ‘అమ్మ చెప్పిన ఐదు గేయాలు’, ‘అశ్రు సమీక్షణం’, ‘సంఘమిత్ర కథలు’ ఆత్మకథ కంటే ముందువి. తొంభై ఏళ్లకు హఠాత్తుగా జ్ఞాపకాలు పొంగి రాసిన ముసలావిడ అన్న బొమ్మ అందుకే తప్పు. దాని వెనక దశాబ్దాల సాధన ఉంది.

ఈ మధ్య ‘రాయండి, టెన్షన్ పోతుంది’ అనే సలహా ఎక్కడ చూసినా వినిపిస్తోంది. దానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో అచ్చేసిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ మనసును కలచివేసిన సంఘటనల గురించి రాశారు. లోపలి బాధనూ, జరిగినదాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది: ఊరికే బాధను కక్కినవాళ్ల కంటే, రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘అందువల్ల’ లాంటి మాటలు పెరుగుతూ ఒక కథగా అల్లుకున్నవాళ్లకు మేలు ఎక్కువ.

ఆ ‘ఎందుకంటే’ అన్న మాట నాకు పనికొచ్చింది. ‘నిర్జన వారధి’ ఏడుపు పుస్తకం కాదు. వాక్యాలు పొట్టిగా, దాదాపు పొడిగా ఉంటాయి. ఎక్కడ కన్నీళ్లు పెట్టించవచ్చో అక్కడ ఆమె తర్వాతి సంఘటనలోకి వెళ్లిపోతుంది. తిట్లు లేవు. పార్టీ పెద్దల మీద ప్రేమ పోలేదు. అలాగని లెక్క మాఫీ చేయలేదు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు ముఖం చాటేశారు, ఎవరు అన్నం పెట్టారు అన్నీ ఉన్నాయి. జరిగింది ఎందుకు జరిగిందో పాఠకుడే కూడుకోవాలి. మనసు తేలిక చేసుకోవడానికి రాసినట్టు లేదు, సాక్ష్యం చెప్పడానికి బోనెక్కినట్టు ఉంది. సాక్షి ఏడిస్తే సాక్ష్యం చెల్లదని ఆమెకు తెలుసు.

సీతారామయ్య 1980లో పీపుల్స్ వార్ అనే నక్సలైట్ పార్టీ స్థాపించారు, తర్వాత ఆ పార్టీ నుంచే బయటికి రావాల్సి వచ్చింది, 2002లో విజయవాడలో చనిపోయారు. చివరి కాలంలో జబ్బుగా ఉన్నప్పుడు ఆమెను చూడాలన్నారు. ఆమె మొదట ఒప్పుకోలేదు. చివరికి వెళ్లి చూసింది. చాలామంది ఇక్కడ క్షమను చదివారు. నేను ఆ మొదటి ‘వద్దు’ దగ్గరే ఆగిపోయాను. పిలవగానే వెళ్లకుండా ఉండగల స్థితి ఆమెకు ఉచితంగా రాలేదు. అది కాకినాడ హాస్టల్లో నెలనెలా సంపాదించుకున్నది.

పుస్తకం మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. పార్టీలో ఆడవాళ్ల స్థానం గురించి ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అయినా ఆ ప్రశ్నను చివరిదాకా లాగదు. పార్టీ పుట్టిల్లులాంటిది, పుట్టింటి గుట్టు వీధిలో పెట్టకూడదన్న మొహమాటం కొన్ని పేజీల్లో తెలిసిపోతుంది. ఇంకోటి, భూమి ఉన్న కుటుంబంలో పుట్టడం, కాస్త చదువు, పాట తెలియడం, పార్టీలో పరిచయాలు ఆమెకు ఎంతో కొంత ఆసరా అయ్యాయి. అదే పోరాటంలో సర్వం పోగొట్టుకున్న దళిత, లంబాడా స్త్రీల్లో అక్షరం రానివాళ్లు ఎందరో. వాళ్ల కథ ఎవరో టేప్ రికార్డరు పట్టుకుని వెళ్తేనే బయటికొచ్చింది, వెళ్లనిచోట వాళ్లతోనే మట్టిలో కలిసింది. రాత మనిషిని నిలబెడుతుందని తేలిగ్గా అనేస్తాం గానీ, రాయడానికి ముందు కావలసినవాటి జాబితా పెద్దదే.

కూతురు పోయాక మనవరాళ్లకు ఆసరాగా నిలబడటం, హైదరాబాద్‌లో కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు పేరిట ఉన్న వృద్ధాశ్రమంలో గడిపిన ఏళ్లు, ఆపైన విశాఖలో మనవరాలి ఇంట్లో చివరి రోజులు... వీటి గురించి ఇంకో వ్యాసమే రాయొచ్చు. 2018 ఆగస్టు 5న ఆమెకు నూరేళ్లు నిండాయి. మిత్రులు, పాఠకులు, పాత కామ్రేడ్లు వేడుక చేశారు. నెలన్నర తర్వాత సెప్టెంబరు 19న విశాఖలోనే కన్నుమూశారు.

మర్నాడు వచ్చిన వార్తల్లో కొన్ని ‘పీపుల్స్ వార్ వ్యవస్థాపకుడు కొండపల్లి సీతారామయ్య భార్య’ అనే మాటలతోనే మొదలయ్యాయి. వాళ్లిద్దరూ విడిపోయి అప్పటికి అరవై ఏళ్లు దాటింది.