ప్యానెళ్ల పని పల్లెకూ ఇవ్వండి

ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే సోలార్ సెల్ మందం మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. పట్టు తప్పితే అప్పడంలా విరుగుతుంది. దాని మీద సన్నని రాగి పట్టీని అతికి, పక్క సెల్‌తో కలపాలి. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు అర వోల్టు. 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయే చిన్న ప్యానెల్‌లో మామూలుగా 36 సెల్‌లు వరుసగా ఉంటాయి. ఒక్క అతుకు సరిగా పడకపోయినా అక్కడ వేడెక్కి ప్యానెల్ దెబ్బతింటుంది. రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్‌లో స్వయం సహాయక సంఘాల గిరిజన మహిళలు ఇలాంటి పనిలోకి ధైర్యంగా దిగారు. ఐఐటీ బొంబాయి శిక్షణతో ముందు బడిపిల్లల సోలార్ దీపాలు బిగించారు. తర్వాత తామే వాటాదారులుగా ‘దుర్గా ఎనర్జీ’ కంపెనీ పెట్టి ప్యానెళ్లు తయారు చేశారు. దీపాల పథకం వల్ల చేతినిండా పని దొరికింది, పని దొరకబట్టే చేయి తిరిగింది.

ఇలాంటి యూనిట్లు పెద్ద ఫ్యాక్టరీలతో ధరలో పోటీ పడలేవు. సెల్ తయారీ అసలే వాటి వల్ల కాదు. ప్రపంచ సోలార్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనా చేతిలోనే ఉందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే చెప్పింది. కానీ వీధి దీపానికి, మందు కొట్టే స్ప్రేయర్‌కి, అడవిపందుల నుంచి చేను కాపాడే కంచెకి కావలసిన చిన్న ప్యానెల్ సంగతి వేరు. సెల్‌లు బయట కొన్నా, మిగతా పనంతా మండల కేంద్రంలో చేసుకోవచ్చు. పాడైతే బాగుచేసే మనిషీ అక్కడే ఉంటుంది.

అడ్డంకి ప్యానెల్ నాణ్యత పరీక్షల దగ్గర వస్తోంది. ప్యానెల్‌ను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచాలి. అంటే దాదాపు 42 రోజులు, అదీ ఒక్క పరీక్షకే! సెల్ రకమో, వెనక షీటో మారిస్తే కొన్ని పరీక్షలు మళ్లీ చేయించాలి. సడలింపు ఇమ్మని మేము అడగడం లేదు. పాతికేళ్లు ఎండావానలకు నిలవాల్సిన సరుకు అది, నాసిరకం అంటగడితే నష్టపోయేది రైతే. పరీక్షల ఖర్చు మాత్రం ప్రభుత్వమే భరించాలి. గిగావాట్ ఫ్యాక్టరీల ప్రోత్సాహకాలకు 2022లో 19,500 కోట్లు మంజూరు చేసిన కేంద్రానికి, జిల్లాకో ఉమ్మడి లామినేటర్ (సెల్‌లను గాజుకూ వెనక షీటుకూ మధ్య అతికించే యంత్రం), రాష్ట్రానికో పరీక్షా కేంద్రం భారమంటే నమ్మలేం.

తెలంగాణలో మహిళా సంఘాలకు 1000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు అప్పగిస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. సంతోషమే. కరెంటు అమ్మే సంఘానికి ప్యానెల్ తయారు చేసే పనీ నేర్పాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ సంఘాలకు కొదవ లేదు. వాటికి ముందుగా కావలసింది మొదటి ఆర్డరు. పంచాయతీ వీధి దీపాలు, సంక్షేమ హాస్టళ్ల దీపాల కొనుగోలులో కొంత వాటా పరీక్ష నెగ్గిన స్థానిక యూనిట్లకు కేటాయిస్తూ రెండు రాష్ట్రాలూ జీవోలు ఇవ్వాలి. అందుకు వచ్చే బడ్జెట్ దాకా ఆగనక్కర్లేదు.