సవరణ: విజయవాడ నుంచి గుంటూరుకు రెండు నిమిషాలు కాదు, ఆరు

గాలి తీసేసిన గొట్టంలో బండిని నడిపే పద్ధతి హైపర్‌లూప్. అందులో గంటకు 1,000 కి.మీ. వేగంతో వెళ్తే విజయవాడ నుంచి గుంటూరుకు రెండు నిమిషాలు చాలని దాని గురించిన పాత పోస్టులో ఉంది. దాన్ని ఆరు నిమిషాలుగా సవరించి చదవండి.

దూరాన్ని వేగంతో భాగిస్తే రెండు నిమిషాలే వస్తుంది. కానీ బండి కదలగానే అంత వేగం రాదు కదా. లోపల కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడకుండా, ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 1 మీటరు చొప్పున పెంచుతూ పోతే, గంటకు 1,000 కి.మీ. అందుకునేసరికి 38 కి.మీ. దాటిపోతాం. గుంటూరేమో 32 కి.మీ.లోపే వచ్చేస్తుంది! అందుకే సగం దారి వేగం పెంచి, మిగతా సగం బ్రేకు వేస్తూ రావాలి. మధ్యలో అందే గరిష్ఠ వేగం గంటకు 640 కి.మీ. దగ్గరే ఆగుతుంది, మొత్తం ప్రయాణానికి ఆరు నిమిషాలు పడుతుంది.

వంపుల సంగతి ఇంకా పెద్దది. కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర మన మామూలు రైలు గుంటూరు లైనుకు మళ్లేటప్పుడు మెల్లగా వెళ్తున్నా, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కడ్డీ పట్టుకుంటారు. వేగం రెట్టింపైతే పక్కకు నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. జపాన్‌లో గంటకు 505 కి.మీ. వేగానికి కడుతున్న మాగ్లెవ్ (అయస్కాంత బలంతో తేలుతూ నడిచే రైలు) మార్గంలో వంపు వ్యాసార్థం కనీసం 8 కి.మీ. ఉండాలి. మంగళగిరి కొండ, ఊళ్లు, కాలువల మధ్య అలాంటి తిన్నని దారి దొరకడం చాలా కష్టం. గొట్టంలో గాలి తీసేసినంత మాత్రాన ఈ చిక్కు తీరదు.

పాత పోస్టులో గాలి గురించి రాసినది మారదు: బయట నడిచే రైలు వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లు, దాన్ని ఎదుర్కోవడానికి ప్రతి సెకనుకూ కావలసిన శక్తి ఎనిమిది రెట్లు.