పోయేముందు ఒక్క మాట చెప్పి పోవాల్సింది, డెవలపర్ గారూ

మహారాజశ్రీ కలర్ డెవలపర్ గారికి (అనగా రంగుల ఫిల్మ్ మీద ఫొటోలు తేల్చే మందు గారికి),

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. అక్కడ తమరు కూడా క్షేమం కాదన్న సంగతి ఇవాళ మధ్యాహ్నం, ఒక ఫిల్మ్ రీలు మొత్తం తమరికి అప్పజెప్పేశాక తెలిసింది.

ఎవరైనా పోతే ముందు కబురొస్తుంది. తమరు మాత్రం బేసిన్‌లో వేడినీళ్లు పోయించుకుని, అందులో సీసాతో సహా మెడలోతున కూర్చుని, ఒళ్లు 37.8 డిగ్రీలకు వచ్చేదాకా నాచేత థర్మామీటర్ పట్టించుకుని, ఫిల్మ్ చుట్టి పెట్టిన ట్యాంకులోకి దర్జాగా దిగి, మూడు నిమిషాల పదిహేను సెకన్లూ అరనిమిషానికోసారి తలకిందులు చేయించుకుని, మర్యాదలన్నీ అయ్యాక అప్పుడు బయటపెట్టారు, తాము ఎప్పుడో పోయామని.

ట్యాంకు మూత తీసి, ఫిల్మ్‌ని చుట్టి ఉంచే స్పైరల్‌ చట్రంలోంచి రీలు లాగి లైటుకు ఎదురుగా పట్టుకున్నాను. నారింజ రంగు ఉంది, కలర్ నెగెటివ్‌కి అది ఎలాగూ ఉంటుంది. ఫొటోలే, పలక మీద రాసింది తడిచేత్తో తుడిచేసినట్టు, ఉన్నాయో లేవో తెలియకుండా ఉన్నాయి. ఎక్స్‌పోజర్ తక్కువిచ్చి ఉంటావు అని తమరి తరఫున ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకుంటారు (ఇలాంటప్పుడు అందరూ అదే అంటారు), అందుకని ముందే అంచులు చూసి పెట్టుకున్నాను. ఫ్రేము నంబర్లు, ఫిల్మ్ పేరు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చేసి పంపిస్తారు. వాటికీ నా కెమెరాకీ, నా మీటరుకీ ఏ సంబంధమూ లేదు. డెవలపర్ బాగుంటే అవి స్పష్టంగా కనబడి తీరాలి. ఇవాళ 12 ఏదో 13 ఏదో తేల్చుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లాల్సొచ్చింది. ఇంక వాదించేదేముంది?

పైగా నేను అడిగే మొదలుపెట్టాను. రీలు మొదట్లో బయటికి వేలాడే లీడర్ ఉంటుంది కదా, ఎలాగూ వెలుతురు పడి పనికిరాకుండా పోయే ముక్క, దాన్ని కాస్త కత్తిరించి తమరిలో ముంచాను. నల్లబడింది. అంటే నాడి ఆడుతోందనే కదా అనుకుంటాం? ఎండలో నిలువునా మాడిన ముక్కని నల్లబరచడం ఏపాటి పని, కొన ఊపిరితో ఉన్న డెవలపర్ కూడా ఆ మాత్రం చేస్తుంది. నీడలో ఉన్న ముఖాన్ని పైకి తెప్పించడంలో ఉంది అసలు పరీక్ష. ఆ సంగతి దాచి, ఒక్క ముక్కని నల్లగా చేసి చూపించి, నమ్మించి, రీలు లోపలికి పోయించుకున్నారు. దీన్ని మోసం అనే అంటారు.

తమరి పంతాలు కొత్తవి కావు. 1972లో కొడాక్ వాళ్లు సి-41 అనే పద్ధతి తెచ్చినప్పటి నుంచీ అదే పట్టు. 37.8 డిగ్రీలు, మూడుంపావు నిమిషాలు. అటూ ఇటూ 0.15 డిగ్రీ తేడా మాత్రం ఒప్పుకుంటారట, అది కూడా పెద్దమనసు చేసుకుని. కారణం ఉందిలెండి, లేదనను. ఫిల్మ్‌లో ఒకదాని కింద ఒకటి పొరలు, పైన నీలం వెలుగు పట్టేది, మధ్యలో ఆకుపచ్చ పట్టేది, అడుగున ఎరుపు పట్టేది. తమరు పైనుంచి ఇంకుతూ అడుగుదాకా వెళ్లాలి, మూడూ సమంగా తేలాలి, వేడిలో తేడా వస్తే ఒక పొర ముందుకీ ఇంకోటి వెనక్కీ పోతుంది. అర్థమైంది. కానీ 1935లో కోడాక్రోమ్ అనే రంగుల ఫిల్మ్‌ని బయటికి తెచ్చిన మానెస్, గొడౌస్కీ ఇద్దరూ సంగీతం వాయించుకునే మనుషులు. చీకటిగదిలో గడియారం కనబడదని బ్రామ్స్ సింఫనీ ఈల వేసుకుంటూ టైము లెక్కపెట్టేవారట. నేను ఈల వేస్తే ఊరుకుంటారా తమరు?

సరే, ఇవన్నీ భరిస్తాను, భరిస్తూనే ఉన్నాను. భరించలేనిది తమరి ఆయుష్షు.

ప్యాకెట్టులో ఉన్నంతకాలం తమరంత బుద్ధిమంతులు లేరు. నీళ్లలో కలిపిన క్షణం నుంచి మొదలవుతుంది అసలు కథ. సీసా నిండుగా, మూత బిగుతుగా ఉంటే ఆరు వారాలని చీటీలో రాశారు. మొదటి రీలుకి కాస్త పోశాక, తిరిగి పోసేటప్పుడు కాస్త ఒలికాక, ఇంక నిండుగా ఎక్కడుంటుంది? ఇందులో తమాషా ఏమిటంటే, తమరిలో ఉన్న సిడి-4 అనే మందు చేయాల్సిన పనే ఆక్సీకరణ చెందడం. వెలుతురు తగిలిన చోట వెండి లవణాన్ని వెండిగా మారుస్తుంది, ఆ మార్చడంలో తాను ఆక్సీకరణ చెందుతుంది, అలా అయినది ఫిల్మ్‌లో పక్కనే కాచుకుని ఉన్న కప్లర్ అనే మందుతో కలిస్తే రంగు పుడుతుంది. ఆ తర్వాత వెండి మొత్తం కడిగేస్తే రంగు మాత్రం మిగులుతుంది. ఎంత అందమైన ఏర్పాటు! మొదటిసారి చదివినప్పుడు చేతులెత్తి దండం పెట్టాను. కానీ గాలి తగిలినా తమరు అదే పనిలోకి దిగిపోతారు. రీలు లేదు, వెండి లేదు, ఫొటో లేదు, సీసా మెడలో అంగుళం గాలి దొరికితే చాలు, దానితోనే పని చేసేసుకుని అలిసిపోతారు. సల్ఫైట్ అని ఒక కాపలావాణ్ణి తోడిచ్చి పంపించారు, పాపం వాడు తమరికంటే ముందు ఖర్చయిపోతాడు.

దీనివల్ల నా బతుకు ఏమైందో తెలుసా? ఫొటోలు తీసుకుందామని డెవలపర్ కొన్నాను. ఇప్పుడు డెవలపర్ పాడవకూడదని ఫొటోలు తీస్తున్నాను. ఒక్క రీలు కోసం లీటరు కలపలేం కదా, కాబట్టి తీసిన రీళ్లన్నీ డబ్బాలో పోగెయ్యాలి, అవి పోగయ్యేలోపు చెరువు దగ్గర తీసింది ఏదో, స్టేషన్‌లో తీసింది ఏదో మర్చిపోవాలి. పోగయ్యాయి కదా అని కలిపితే ఇక పరుగే. లీటరుకి ఎనిమిది రీళ్లని ఒక కిట్ చీటీ, పదహారని ఇంకో కిట్ చీటీ, రీలురీలుకీ టైము కొంచెం కొంచెం పెంచుకుంటూ పొమ్మని ఒక సలహా. డబ్బాలో ఉన్నవి అయిపోతాయి, సీసాలో ఇంకా సత్తువ ఉంటుంది, వారాలు దొర్లిపోతుంటాయి. ఏం చేస్తాం, కెమెరా మెడలో వేసుకుని బయటపడతాం. ఎండ నడినెత్తిన ఉన్నా వెళ్తాం, మబ్బు పట్టి వెలుతురే లేకపోయినా వెళ్తాం. ఇప్పుడెక్కడికి అని ఇంట్లో అడిగితే "డెవలపర్ పాడైపోతుంది" అని జవాబు. ఆ మాటని అర్థం చేసుకోవడానికి కొన్నాళ్లు ప్రయత్నించి వాళ్లు మానేశారు.

కెమెరా మీద కౌంటరు 29 చూపిస్తుంటుంది. ఇంకా ఏడున్నాయి. గోడకి ఆనించిన సైకిలు. నీళ్ల ట్యాంకు. మళ్లీ అదే సైకిలు, ఈసారి నిలువుగా. ట్రాన్స్‌ఫార్మర్ మీద కాకి. కాకి ఎగిరిపోయాక ఉత్త ట్రాన్స్‌ఫార్మర్. దారినపోయే పెద్దాయన ఆగి "ఏదీ బాబూ, ఎలా వచ్చిందో చూపించు" అంటాడు, కెమెరా వెనక్కి తిప్పి చూపిస్తే అక్కడ నల్లటి రేకు తప్ప ఏమీ ఉండదు, ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోతాడు. షికారని పేరే గానీ అది తమరి దగ్గర నేను చేస్తున్న నౌకరీ.

ఇవాళ పోయిన రీలు మాత్రం నౌకరీ రీలు కాదు. దాని కోసమే ఈ ఉత్తరం.

సాయంత్రం ఎండ చెరువుగట్టు మీద పక్కవాటంగా పడుతోంది. మా మేనకోడలు ఎర్ర గౌను వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, చెప్పులు ఎక్కడో వదిలేసి, గట్టు దిగి నా మీదికి పరిగెత్తుకొస్తోంది. ఫోకస్ రింగు తిప్పుతూనే నొక్కాను. కొన్నిసార్లు నొక్కినప్పుడే తెలుస్తుంది కుదిరిందని. కుదిరింది కూడా, ఆ పలచటి నెగెటివ్‌లో కనురెప్పలు కనబడుతున్నాయి. స్కాన్ చేసి చూస్తే గౌను మట్టిరంగు. ఎరుపు తెప్పిద్దామని లాగితే గట్టు నీడలన్నీ ఆకుపచ్చగా తిరిగాయి. ఆకుపచ్చ తగ్గిస్తే ఆకాశం గులాబీ అయింది. మూడు పొరలూ మూడు దారులు పట్టాక ఏ స్లైడరూ వాటిని కలపలేదు. పిల్ల నా వెనకే నిలబడి కాసేపు చూసి, "మావయ్యా, ఇది నా గౌను కాదు" అని వెళ్లిపోయింది. ఏం చెప్పమంటావు దానికి? నీ పేరు చెప్పనా?

"గారు" పోయింది, గమనించే ఉంటావు.

మళ్లీ తీసుకోవచ్చుగా అనకు. మళ్లీ పరిగెత్తమంటే అది పరిగెత్తదు, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఫోజు పెడుతుంది. ఆ ఫొటో ఫిల్మ్ లోపల కంటికి కనబడకుండా నీకోసం ఎదురుచూస్తూ కూర్చుంది, ఇంకొన్ని నెలలైనా కూర్చునేది. స్పైరల్‌కి సరిగ్గా ఎక్కకపోతే మళ్లీ ఎక్కిస్తాం. నీ తర్వాత వచ్చి వెండిని కడిగేసే బ్లిక్స్ అనే మందు సరిగ్గా పని చెయ్యక వెండి మిగిలిపోతే మళ్లీ పోస్తాం. నీటిమరకలు పడితే మళ్లీ కడుగుతాం, స్కాన్ బాలేకపోతే మళ్లీ చేస్తాం. ఇంత తతంగంలో రెండో ఛాన్సు లేని చోటు ఒక్కటే ఉంది, అక్కడే నిన్ను కూర్చోబెట్టారు, నువ్వేమో చెప్పకుండా చచ్చే రకానివి!

మిగతావాళ్లు మంచివాళ్లని కాదు. బ్లిక్స్ గ్యాస్ వదిలి ట్యాంకు మూత పైకి లేపి చొక్కా ఖరాబు చేస్తుంది. స్పైరల్ చుక్క తడి ఉన్నా ఫిల్మ్‌ని సగంలో ఆపేస్తుంది, అదీ రెండు చేతులూ వెలుతురు చొరని నల్లసంచిలో ఇరుక్కుని చెమటలు కారుతున్నప్పుడే. దుమ్ము సంగతి ఎత్తను. కానీ వాళ్లందరూ గోల చేసి తప్పు చేస్తారు. చెవికి వినబడుతుంది, ముక్కుకి తెలుస్తుంది, చేతికి తగులుతుంది. నువ్వో? రంగు కాస్త ముదురుతుంది, అంతే. అది చూద్దామన్నా నీ కాపురం గోధుమరంగు సీసాలో.

ఇంత తిట్టి కూడా ఒకటి ఒప్పుకోక తప్పదు. తాజాగా కలిపినప్పుడు నువ్వు కడిగిన మొదటి రీలు ఉంది చూడు, ట్యాంకులోంచి తడితడిగా బయటికి లాగుతుంటే (నెగెటివ్‌లో రంగులు తిరగబడతాయి కదా) ఆకులన్నీ గులాబీగా, ఆకాశం గోధుమరంగుగా, ఒక్కొక్క ఫ్రేమూ గీత గీసినట్టు విడివిడిగా, నంబర్లు కంటికి కొట్టొచ్చినట్టు. దాన్ని ఆరేసి అది ఆరేదాకా ఆగలేక నాలుగైదుసార్లు వెళ్లి చూసొచ్చాను. ల్యాబుకి ఇచ్చి కడిగించుకోవచ్చు కదా అనేవాళ్లకి ఈ ఒక్క సంగతి ఎలా చెప్పాలో నాకు తెలీదు. నువ్వు అలా ఒకసారి చేసి చూపించకపోయి ఉంటే నిన్ను ఎప్పుడో వదిలించుకునేవాణ్ణి, అది నీకూ తెలుసు, అందుకే నీకంత పొగరు.

అలమారలో నీ తమ్ముడున్నాడు, సీలు తీయని ప్యాకెట్టు. వాడిని కలిపిన వెంటనే చిన్న చిన్న గాజుసీసాల్లో మూతదాకా నింపి, గాలి వెంట్రుకవాసి కూడా లేకుండా బిగిస్తాను. తారీఖు రాసి అంటిస్తాను. ఆ తారీఖు దాటాక నాడి చూడను, లీడర్ ముక్క ముంచను, ఎన్ని కబుర్లు చెప్పినా వినను. దాటకముందు కూడా, అనుమానం వచ్చిన ప్రతిసారీ ముందు సైకిలు ఫొటోల రీలు వాడికిస్తాను, దాని అంచు నంబర్లు చూశాకే మంచి రీలు ఇచ్చేది. సైకిలు రీళ్లకి మాత్రం నా దగ్గర కొదవ లేదు, అంతా నీ పుణ్యమే.

ఇట్లు,
వేళ్లకి ఇంకా నీ వాసన వదలని
నీ మాజీ నౌకరు