రెండు సెకన్ల చప్పుడు గారికి

మహారాజశ్రీ రెండు సెకన్ల చప్పుడు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏ కోర్టులో క్షేమంగా ఉన్నారో తెలియలేదు.

నేను ల్యాప్‌టాప్ మీద బీట్లు చేసుకునే అల్పజీవిని. పాత పాటలోంచి మిమ్మల్ని కత్తిరించి, కాస్త పిచ్ పెంచి, మళ్లీమళ్లీ మోగేలా లూప్‌లో పెట్టాను. దీన్నే శాంపిల్ చేయడం అంటారు. మీకు ఇద్దరు యజమానులని అప్పుడు తెలియదు. బాణీ ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది. ఒకరు సరేనన్నా రెండోవారు తల అడ్డంగా ఊపితే నా పాట అక్కడితో సరి.

మీ పలుకుబడి మామూలుది కాదండీ. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1977లో చేసిన పాటలోంచి రెండు సెకన్లు తీసుకుని నిర్మాత మోసెస్ పెల్హామ్ 1997లో ఓ ర్యాప్ పాటకు వాడాడు. ఆ కేసు జర్మనీ కోర్టులన్నీ తిరిగి, 2019లో యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది. తిరిగొచ్చాక కూడా ముగియలేదు. లాయరు గొంతు సవరించుకునేలోపే అయిపోతారు కదా మీరు, ఇన్నేళ్లు ఏం వాదించుకున్నారో!

అమెరికాలో ఇంకా తమాషా. అనుమతి లేకుండా శాంపిల్ వాడిన ర్యాపర్ బిజ్ మార్కీ మీద 1991లో వచ్చిన తీర్పును జడ్జి బైబిల్‌తో మొదలుపెట్టారు: "దొంగిలకూడదు." పైగా క్రిమినల్ కేసు సంగతి చూడమని ప్రభుత్వ లాయరుకు పంపారు. అక్కడ అప్పీళ్ల కోర్టులు ప్రాంతానికొక సర్క్యూట్‌గా ఉంటాయి. 2005లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, గిటారు ముక్క రెండు సెకన్లదే అయినా లైసెన్స్ తీసుకోవాల్సిందే, లేదా శాంపిల్ చేయడం మానుకోవాల్సిందే అంది. 2016లో తొమ్మిదో సర్క్యూట్ మడోనా పాటలో శాంపిల్‌గా వాడిన 0.23 సెకన్ల బాకా ముక్కను మామూలు శ్రోత గుర్తుపట్టలేడని, తప్పేమీ లేదని తేల్చింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అనేవారు. ఇప్పుడు ఏ సర్క్యూట్‌లో దొరికాడో కూడా చూడాలి.

ఇదంతా కళాకారుడి కోసమేనట. మీ పెద్దన్నయ్య, ఆమెన్ బ్రేక్ అనే డ్రమ్స్ ముక్క సంగతి మీకు తెలియనిదా? 1969లో ది విన్‌స్టన్స్ పాటలో గ్రెగరీ కోల్‌మన్ ఏడు సెకన్లపాటు డ్రమ్స్ వాయించాడు. ఆ ముక్క మీద హిప్‌హాప్, జంగిల్, డ్రమ్ అండ్ బేస్ పాటలు వేలల్లో వచ్చాయి. ఆయనకు మాత్రం రాయల్టీ రాలేదు. 2006లో పేదరికంలోనే పోయాడు. 2015లో అభిమానులు చందాలు వేసుకుని దాదాపు 24,000 పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చారు. కోర్టు చెబితే కాదు, సిగ్గేసి ఇచ్చారు. డ్రమ్మర్ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. మీకోసం ఇంత మంది లాయర్లు తిరుగుతుంటే, ఆయన తలుపు తట్టినవాళ్లే లేకపోయారు.

ఇక నా సంగతి. మిమ్మల్ని నా పాటలోంచి తీసేశాను. వంటింట్లో గిన్నె మీద గరిటెతో కొట్టి కొత్తగా రికార్డు చేసుకున్నాను. అచ్చం మీలాగే వచ్చింది, అదే టెన్షన్. రికార్డింగ్ యజమాని పీడ వదిలిందిగానీ, బాణీ యజమాని ఇంకా మిగిలే ఉన్నాడట.

ఇట్లు,
గరిటె ఇంకా కింద పెట్టని మీ అభిమాని